మన్ను చెప్పిన సాక్ష్యం

మనుషులు అబద్ధాలాడుతున్నారని సర్కారు సాక్షుల్ని మానేసి, ఏ తగువుకైనా మన్నునే అడుగుతున్న రోజులవి. సంతలో ఎవరి చోటు ఎవరిదో తేల్చడానికి అధికారి ఒక కర్ర పట్టుకుని దిగాడు. నేలలో గుచ్చితే చాలు, అక్కడ ఇన్నేళ్లూ ఏం అమ్మారో కర్రే మోగి చెప్పేస్తుంది. ఆనవాలు లేకపోతే చోటు పోయినట్టే.

కొర్లమ్మ కాపురానికొచ్చినప్పటి నుంచీ అక్కడే చేపలమ్ముతోంది. ఆమెకి బెంగేముంది?

"నీ చోట గుచ్చితే ఆ కర్ర ముక్కు మూసుకుంటాదే కోడలపిల్లా!" అన్నాడు పక్కన ఎండుమిరప అమ్మే గురువులు మావ.

కర్ర గుచ్చారు. కిక్కురుమనలేదు.

"ఇక్కడ చేపలమ్మిన జాడే లేదు," అన్నాడు అధికారి.

"అదేటి బాబూ! కంపు కొడితే జనం తిడతారని వారం వారం పైమన్ను గీకీసి కొత్త ఇసక పోసీదాన్ని. ఆ మన్నూ, చేపలు కడిగిన నీలూ సంత పక్కనున్న సింహాద్రిబాబు గారి తోటలో కొబ్బరిచెట్లకి ఏసీదాన్ని. కాపు బాగుంటాదని ఆయనే అడిగినారు."

అధికారి ఆ తోటలోకెళ్లి గుచ్చాడు. కర్ర గొల్లున మోగింది. పాత చేపలసంత ఇదేనని తేల్చేశాడు.

"అయితే ఇన్నాళ్లూ కొబ్బరిచెట్లే బేరమాడీయి గావాల బాబూ," అన్నాడు గురువులు మావ. అధికారి నవ్వలేదు.

పై వారం చేపలసంత తోటలోకి మారింది. కొర్లమ్మ గంప దించబోతుంటే సింహాద్రిబాబు మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొత్తోళ్లందరూ ఆ చివరికెళ్లి, గోడవార కూకోవాల."