పది నిమిషాల సారు

"సార్, ఒక్క పది నిమిషాలు నేను సారును, మీరు స్టూడెంటు. కాళ్లు మొక్కుత, కాదనకున్రి."

అశోక్ నగర్‌లో ఓ ఉద్యోగ పరీక్షల కోచింగ్ సెంటర్ మెట్ల మీద, ఇంగ్లిష్ చెప్పే ఉమాకాంత్ సారుకు అడ్డంగా నిలబడి, ఆయన స్టూడెంటు జగదీశ్వర్ అన్న మాట ఇది. చేతిలో మార్కర్‌తో క్లాసుకు పోతున్న సారు బిత్తరపోయాడు.

"ఏందిరా నీ లొల్లి?"

"మా బాపు వస్తుండు సార్. ఇక్కడ నాకు సారు నౌకరి దొరికిందని ఇంట్ల చెప్పిన. ఆయన ఊరంత చెప్పుకున్నడు. నేను పాఠం చెప్తుంటె ఒక్కసారి కండ్లార చూసి పోతడట. క్రాస్ రోడ్స్ కాడ బస్సు దిగి నడుసుకుంట వస్తుండు."

"అబద్ధమెందుకు ఆడినవ్? ఇప్పుడన్నా నిజం చెప్పు."

"చెప్తె బాపు ఊర్ల తల ఎత్తుకోలేడు సార్."

"డైరెక్టర్ చూసిండంటే నా నౌకరి పోతది. ఎరుకేనా నీకు?"

అంటూనే ఉన్నాడు, కింద గేటు దగ్గర తలకు తువ్వాల చుట్టుకున్న పెద్దమనిషి ఒకాయన కనిపించాడు. పోచయ్య. పైకి చూసి, కొడుకును గుర్తుపట్టి నోరంతా తెరిచి నవ్వాడు. ఆ నవ్వు చూశాక కాదనడానికి సారుకు నోరు రాలేదు. మెత్తని మనిషి, ఏం చేస్తాడు చెప్పండి! మార్కర్ తీసి జగదీశ్వర్ చేతిలో పెట్టాడు.

క్లాసులో సంగతి నిమిషంలో పాకింది. "ఎవరన్న నవ్విన్రో, చూడున్రి మరి" అని పిల్లలను బెదిరించి, సారు పోయి చివరి బెంచీలో కూర్చున్నాడు. ఖాళీ అక్కడే ఉంది మరి, పోచయ్య కూడా వచ్చి ఆయన పక్కనే కూర్చున్నాడు.

జగదీశ్వర్ బోర్డు ముందు నిలబడ్డాడు. ఒకరు అన్న మాటను ఇంకొకరికి చెప్పేటప్పుడు ఇంగ్లిష్‌లో 'హ్యాడ్' ఎందుకొస్తుంది, అదీ పాఠం. వారం నుంచి నడుస్తున్నదే. "రిపోర్టింగ్ వెర్బ్ పాస్ట్ టెన్స్‌లో ఉన్నచో..." అంటూ ఉమాకాంత్ సారు రూలు చదివించాడు, రాయించాడు, బట్టీ పట్టించాడు. ఒక్కరి బుర్రకూ ఎక్కలేదు. వీడికైతే అసలే ఎక్కలేదు. ఇంకేముంది, తండ్రి ముందు వీడి పరువు పోయింది, వీడితో పాటు నాదీ పోయింది అనుకున్నాడు సారు.

జగదీశ్వర్‌కు రూలు ఒక్క ముక్క గుర్తు రాలేదు. దిక్కుతోచక తండ్రి మొహం చూశాడు. నోటికి వచ్చింది చెప్పడం మొదలుపెట్టాడు.

"పొద్దుగాల మా బాపు ఫోన్ జేసి 'బస్సెక్కిన' అన్నడు. అనుడు అయిపోయిందా? అయిపోయింది. మరి ఎక్కుడు? ఆ మాట అనకముందే అయిపోయింది. అయిపోయినదానికంటె ముందు అయిపోయినదానికి హ్యాడ్ పెట్టాలె. మై ఫాదర్ సెడ్ దట్ హి హ్యాడ్ బోర్డెడ్ ద బస్."

ముందు బెంచీలో భాగ్యశ్రీ లేచి నిలబడింది. గుట్టు బయటపెడుతుందేమో అనుకున్నాడు సారు.

"అన్నా..." అని నాలిక కరుచుకుంది. "సార్! సెడ్ కాడ గూడ హ్యాడ్ పెట్టొద్దా?"

"రెండిట్ల పెడితె ఏది ముందుదో, ఏది ఎనకదో ఎట్ల ఎరుకైతదమ్మా?"

"అగో! గింతేనా?"

అది నటన కాదు. ఎప్పుడూ సెల్లు చూసుకునే కుర్రాళ్లు పెన్నులు తీశారు. ఒకడు లేచి, "మై సిస్టర్ సెడ్ దట్ షి హ్యాడ్ ఈటెన్" అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు, ఒప్పే అన్నాడు. ఉమాకాంత్ సారుకు సంతోషంగా ఉండాలి. ఎందుకో లేదు.

"తమ్మీ, నువ్వు గూడ పరీక్షలకే చదువుతున్నవా?" పోచయ్య చిన్నగా అడిగాడు.

"ఆ..."

"పెండ్లయిందా?"

"అయింది. బిడ్డ ఇంటర్ చదువుతది."

"అయ్యో!" అన్నాడు పోచయ్య, నిజంగానే బాధపడి. "మావోడు చెప్పేది జర మంచిగ విను మరి."

అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు డైరెక్టర్ రాఘవేంద్ర. సారు లేస్తే పోచయ్యకు సంగతి తెలిసిపోతుంది. లేవకపోతే నౌకరి పోతుంది. సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. డైరెక్టర్ బోర్డు చూశాడు, పిల్లలను చూశాడు, చివరి బెంచీలో ముడుచుకున్న తన ఇంగ్లిష్ సారును చూశాడు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

పది నిమిషాలు కాస్తా గంటైంది. ఆపమని ఎవరూ అనలేదు. బెల్లు కొట్టాక పోచయ్య తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. జగదీశ్వర్‌కు పోయి సారు కాళ్ల మీద పడాలని ఉంది, తండ్రి ముందు ఎలా పడతాడు? దూరం నుంచే కళ్లతో దండం పెట్టాడు. పోతూ పోతూ పోచయ్య సారు భుజం మీద చెయ్యేశాడు.

"పరేషాన్ గాకు తమ్మీ. నీకు గూడ దొరుకుతది నౌకరి. మావోనికి చెప్పిపోత, జర నీ దిక్కు చూస్తడు."

ఉమాకాంత్ సారు తలూపి, డైరెక్టర్ రూముకు నడిచాడు. లోపలికి పోతూనే చేతులు కట్టుకున్నాడు.

"సార్, తప్పు నాదే. పిల్లగాడు బతిలాడితే కాదనలేకపోయిన. వాణ్ని ఏమనకున్రి, నన్నేమన్నా అనున్రి."

"తప్పేంది ఉమాకాంత్ గారూ, కూసోన్రి" అన్నాడు డైరెక్టర్ నవ్వుతూ. "మీ జాగల మనిషిని మీరే తెచ్చి పెట్టిన్రు, గంత మంచితనం ఎవరికుంటది? రేపటి సంది ఆ పిల్లగాడే వస్తడు, మీరు ఇంట్ల రెస్ట్ తీసుకోన్రి."