మెచ్చుకోని అమ్మ

చర్చి వంటింట్లో రేపటి భోజనాలకు టమాటా వేసిన ఎర్రన్నం, రొయ్యలు చెప్పాలి. శవపేటికలో అమ్మ నెత్తిన పెట్టడానికి ఊదారంగు టోపీ పంపాలి. సముద్రం పోటు రాకముందే సమాధి తవ్వమనాలి. అమ్మ గురించి రెండు నిమిషాలు మాట్లాడ్డానికి ఏదైనా రాసుకోవాలి.

మొదటి మూడూ అయ్యాయి. నాలుగోదాని దగ్గర లెమ్యుయెల్ కలం ఆగింది. ముప్ఫై ఏళ్లుగా నాటకాల్లో, సినిమాల్లో ఎవరెవరో రాసిన మాటలు పలికినవాడికి కన్నతల్లి మీద ఒక్క వాక్యం రావడం లేదు.

"ఏం రాశావురా?" అంది వర్డెల్ పెద్దమ్మ, బెండకాయలు తరుగుతూ.

"ఏముంది రాయడానికి? నాకు బహుమతి వచ్చినప్పుడు దర్శకుడు ఇంటికొచ్చి 'మీవాడు బంగారమండీ' అన్నాడు. అమ్మేమందో తెలుసా? 'వీడికి మతిమరుపు, ఒళ్లొంగదు, పైగా ఆయాసం' అంది."

"ఎద్దులా ఉన్నావు, నీకు ఆయాసమేంటి?"

"అదే కదా. చిన్నప్పుడు టీచరమ్మతోనూ అంతే. ఇప్పటికీ తెర లేచేముందు అవే మాటలు గుర్తొస్తాయి పెద్దమ్మా. జనమంతా లేచి చప్పట్లు కొట్టినా నాకు వినబడేది అమ్మ గొంతే."

పెద్దమ్మ కత్తి ఆపింది. "ఆ దర్శకుడు, ఆ టీచరమ్మ తెల్లవాళ్లేగా?"

"అయితే?"

"మన నల్లవాళ్ల చర్చిలో నిన్నెప్పుడైనా అలా తీసిపారేసిందా?"

లేదు. చర్చిలో అతని చేయి పట్టుకుని ముందు బల్ల మీద కూర్చునేది, ఊదారంగు టోపీ పెట్టుకుని, మెడ నిటారుగా.

"దిష్టి తగులుతుందనా?"

"దిష్టయితే బాగుండేది నాయనా. మా అమ్మ మమ్మల్నీ అలాగే అనేది. వాళ్లమ్మా అంతే."

చేతులు తుడుచుకుని లోపలికెళ్లి పాత బైబిలు తెచ్చింది. మొదటి పేజీలో వంశం పేర్లు. అన్నిటికన్నా పైన బినా. దాని కింద కొడుకు మింగో, తొమ్మిదేళ్లు. చావు తేదీ లేదు.

"మా ముత్తవ్వ తల్లి ఈ బినా. తెల్లదొర తోటలో బానిస."

"మింగో ఏమయ్యాడు?"

పెద్దమ్మ నాలుగు ముక్కల్లో చెప్పింది. లెమ్యుయెల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు చర్చిలో లేచి నిలబడ్డాడు. "మా అమ్మ ఓడెసా నన్ను చివరిదాకా కాపాడుకుంది" అని మాత్రం అని కూర్చున్నాడు. వెనక వరసలో ఉన్న దర్శకుడికి అర్థం కాలేదు.

మీరు మాత్రం బినాను గుర్తుంచుకోండి: దొర ముందు కొడుకును మెచ్చుకుంది, మర్నాడే దొర వాణ్ణి అమ్మేశాడు.