ఊడదీసిన వైరు

ఇంజను వేడి చూపే ముల్లు పిచ్చిగా ఊగుతోందని డ్రైవరు తన వ్యానును నా షెడ్డుకి తెచ్చాడు. వైరింగులో లోపం వెతకడానికి బద్ధకించి, సెన్సరు వైరుకి ఒక రెసిస్టర్ అతికించి పంపేశాను. ఇక ముల్లు నడిమధ్యనే నిలిచిపోయింది. దాన్ని నమ్మి అతను దారిలో రేడియేటర్ మూత తిప్పాడు. లోపల మరుగుతున్న నీళ్లు అతని మీదికి ఎగజిమ్మాయి. అతను బతకలేదు.

అతని భార్య వ్యాను మళ్లీ నా షెడ్డుకే తెచ్చింది.

"ఆయనకి మీ పని మీదే గురి అన్నయ్యా. మీరే చూడండి."

ఆ రాత్రి ఒక్కణ్ణే రెసిస్టర్ పీకేసి, వైరు ఊడదీశాను. వైరు ఊడితే, ఇంజను వేడిని అంకెల్లో చూపే స్కానర్ మైనస్ నలభై చూపాలి. ముప్పై ఏడు చూపించింది. మనిషి ఒంటి వేడి.

చూస్తుండగానే ముప్పై ఆరు అయింది.

డ్రైవరు సీటు కిర్రుమంది. నేను తలెత్తలేకపోయాను.