ఏడు దినాల నీళ్ళు

"ఎన్నేండ్లయింది అన్నారు?" రాస్తున్న పెన్ను ఆపి అడిగింది హేమావతి.

"పన్నెండమ్మా. వచ్చే శ్రావణానికి పదమూడు."

"ఇల్లు కట్టిన పన్నెండేండ్లకు కేసా?"

"బయటపడింది మొన్న శుక్రవారం. మిద్దె లోపలి పెచ్చు ఊడి పడింది. ఉయ్యాలకు జానెడు దూరం. ఉయ్యాల్లో ఆరు నెలల బిడ్డ."

ఆదెన్నకు అరవై దాటి ఉంటాయి. ముదిగుబ్బ దగ్గర పల్లెలో తెల్లారే బస్సెక్కి అనంతపురం వచ్చాడు. చెప్పులు వాకిట్లో విడిచి, గోడ మీది కదిరి నరసింహస్వామి పటానికి దండం పెట్టుకున్నాకే లాయరమ్మ ఎదుట కూర్చున్నాడు. కూర్చున్నాక వేలి కణుపుతో పక్క గోడను రెండుసార్లు కొట్టి, ఆ చప్పుడు విన్నాడు. ఇంటి పెచ్చులు ఊడినవాళ్ళకు ఏ గోడనూ నమ్మబుద్ధి కాదు కాబోలు అనుకుంది హేమావతి.

"లోపల కమ్మీ అంతా తుప్పు పట్టింది," అన్నాడు. "మిద్దె పోసినాక మూడు వారాలు నీళ్ళు కట్టల్ల. మేస్త్రి ఏడు దినాలకే చాలన్నాడు. ఇంటామె కదిరమ్మ నమ్మింది."

నీళ్ళు కట్టడం అనగానే హేమావతికి యాడికి ఊళ్ళో తన చిన్నప్పటి ఇల్లు కళ్ళ ముందు మెదిలింది. మిద్దె పోసిన మరునాడు దాని మీద చిన్న చిన్న గట్లు వేసి, వరిమడిలో నిలిపినట్టు నీళ్ళు నిలిపారు. బడికి పోయేలోగా ఒక్కొక్కరు పది బిందెలు పైకి మోయాలని నాయన ఆజ్ఞ. మోసినాక అక్కా తానూ ఆ మడుల్లో కాగితం పడవలు వదిలేవాళ్ళు. వానలు లేని ఆ ఏడు వాళ్ళ పడవలు తేలిన నీళ్ళు అవే.

"మిద్దె పోసిన రోజు గుర్తుందా పెద్దాయనా?"

ఆదెన్న ముఖం విచ్చుకుంది. "మరిచిపోతానా? కాంక్రీటు కలిపే మిల్లరుకు టెంకాయ కొట్టి, కుంకుమ పెట్టి మొదలుపెట్టినాము. కదిరమ్మ ముప్పై మందికి బెల్లం పాయసం పోసింది. ఆడోళ్ళు కాంక్రీటు బొచ్చెలు అందిచ్చుకుంటా పాటలు పాడినారు. పొద్దు గూకేలోగా పని అయిపాయ. అట్లాటి దినం మళ్ళీ రాలేదమ్మా."

"ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?"

"కదిరమ్మ పేరు మీదనే."

ఆడవాళ్ళ పేరున పట్టా తీసుకోవడం మామూలే. హేమావతి రాసుకుంది.

"చూడండి, కట్టడంలో లోపాలకు ఐదేండ్ల గడువనేది అపార్టుమెంట్లు కట్టి అమ్మేవాళ్ళకు. ఇది సొంతిల్లు కాబట్టి వినియోగదారుల కమిషనుకు పోవాలి. అక్కడ గడువు రెండేండ్లే. అయితే బయటికి కనపడని లోపం కదా, తెలిసిన రోజు నుంచే లెక్క అని వాదించొచ్చు. ఇంజనీరు రిపోర్టు, ఫోటోలు కావాలి. అన్నిటికన్నా ముందు నోటీసు. అగ్రిమెంటు ఉందా?"

"తాంబూలాలు మార్చుకున్యాము. అంతే."

"అయితే ఆ ఇల్లు నేను కట్టలేదంటాడు మేస్త్రి."

"అనడు."

"అందరూ అట్లే అనుకుంటారు."

"అనడమ్మా. దేవునికి భయపడే మనిషి."

"దేవునికి భయపడే మనిషి ఏడు రోజులకే నీళ్ళు ఆపిస్తాడా?"

ఆదెన్న పటం వైపు చూశాడు. "స్వామిని రోజూ అదే అడుగుతాండా."

"అసలెందుకు ఆపించాడు?"

"కరువు. మూడు దినాలకొక ట్యాంకరు. పైన మిద్దె మీద నీళ్ళు తళతళ మెరుస్తాండాయి, కింద కదిరమ్మ గొర్లు నలభై, నాలుకలు యాలాడేసుకోని నిలబడుకోనుండాయి. బిందె ఎత్తుకోని మెట్లెక్కతా ఆమె ఏడ్చింది. మిద్దె గట్టిపడిందిలేమ్మా, ఈ నీళ్ళు గొర్లకు తాపు అన్నాడు మేస్త్రి. అది అబద్ధం."

హేమావతి పెన్ను కింద పెట్టింది. "ఇది మేస్త్రికే పనికొచ్చే మాట."

"అందుకే నోటీసులో రాయొద్దు. గట్టిగా రాయండి. తప్పించుకోనీకి సందు ఉండగూడదు."

ఇంత మెత్తని మనిషికి ఇంత కసి ఏమిటో ఆమెకు అంతుపట్టలేదు. "కోర్టుకు పోయే ముందు ఆయన్నే అడిగి చూడకూడదా? మళ్ళీ పోసిస్తాడేమో."

"పోసిస్తానని రెండుతూర్లు వాకిట్లోకొచ్చినాడు. కదిరమ్మ ఒప్పుకోలా. నా గొర్లను బతికిచ్చినోని దగ్గర దండగ వసూలు చేస్తే స్వామి మెచ్చడు అని, మజ్జిగ తాపి పంపిచ్చింది. ఆ బిడ్డనేమో ఇంకా ఆ మిద్దె కిందనే పండబెడతాంది."

"సంతకం ఆమెదే కావాలి మరి."

"చదివి వినిపిచ్చి పెట్టిస్తా. మనిషి మాట వినదు గానీ చట్టం అంటే వింటాది."

హేమావతి అరగంటలో నోటీసు టైపు చేసి పైకి చదివింది. ఆదెన్న పురాణం వింటున్నట్టు కళ్ళు మూసుకుని విన్నాడు. 'నిర్లక్ష్యం' అన్న చోట తలూపి, "ఆ మాట ఇంకోసారి యాడైనా వెయ్యండమ్మా," అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. "వేస్తాలే. మేస్త్రి పేరు, ఊరు చెప్పండి."

ఆదెన్న చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని ఆధార్ కార్డు బల్ల మీద బోర్లా పెట్టాడు. "పేరు తప్పు పోగూడదని తెచ్చినా."

"మేస్త్రి కార్డు మీ దగ్గరికెట్ల వచ్చింది?" అంటూ హేమావతి దాన్ని తిప్పి చూసింది.

ఫోటోలో ఉన్నది ఆదెన్నే.