మెట్ల వైపు తలుపు

నిచ్చెన మీద నిలబడి విజయేందర్ తీగలు కలుపుతుంటే, గోడమీది కార్డ్ రీడర్‌లో ఎర్రదీపం ఆరిపోయింది.

కరెంటు పోయిందనుకున్నాడు. పక్క ఆఫీసులో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

తిరిగి చూస్తే, మెట్ల దగ్గరి మెయిన్ స్విచ్ మీద చెయ్యేసి ఓ పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో తడిసిన గొడుగు. ఆయన చూపు మూసి ఉన్న అద్దాల తలుపు మీదే ఉంది.

"తెరుచుకోలేదేంటి బాబూ?" అన్నాడు మెల్లగా, నిద్రలో మాట్లాడినట్టు.

"ఎట్ల తెరుచుకుంటది సార్? కార్డు పెడ్తెనే తెరుచుకుంటది. జర ఆ స్విచ్ ముట్టకుండ్రి."

పెద్దాయన నొచ్చుకోలేదు. స్విచ్ మళ్ళీ వేసి, ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయాడు.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే ఇన్‌స్టిట్యూట్ అది. లాప్‌టాప్‌లు మాయమవుతున్నాయని యజమాని తారక్ బయటికి వెళ్ళే ప్రతి తలుపుకీ కార్డ్ రీడర్ పెట్టిస్తున్నాడు. కరెంటు పోయినా సరే, ఏ తలుపూ కదలకూడదని గట్టిగా చెప్పాడు. అలాంటి తాళాలే తెచ్చి విజయేందర్ బిగిస్తున్నాడు.

ఆ వారమంతా ముసురు.

పెద్దాయన రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. పేరు రామ్మోహనరావు అనీ, ఎస్.ఆర్. నగర్‌లో ఉంటాననీ చెప్పాడు. మెట్టు మీద కూర్చుని, తీగలు గోడలోకి పాకడం చూస్తూ ఉండేవాడు. లోపల పాఠం జోలపాటలా సాగేది. కిటికీ అవతల మెట్రో రైలు, చెరువులో చేప కదిలినట్టు, చప్పుడు లేకుండా వానలోంచి జారిపోయేది. చేతులు పని చేస్తున్నా విజయేందర్ కళ్ళు మూతలు పడేవి. ఆ మగతలో అతనికి ఈ పెద్దాయన మెట్లెక్కి రాలేదనీ, వానే ఆయన్ని తెచ్చి అక్కడ దింపిపోయిందనీ అనిపించేది.

ఆయనది రోజూ ఒకటే ప్రశ్న. కరెంటు పోతే తెరుచుకునే తాళాలు ఉండవా?

ఉంటాయని విజయేందర్ ఒప్పుకున్నాడు. అయస్కాంతంతో తలుపును పట్టుకుంటాయి, కరెంటు ఆగితే పట్టు వదిలేస్తాయి. కానీ సేటు వద్దన్నాడనీ, తన చేతిలో ఏమీ లేదనీ చెప్పాడు. ఈయన ఏ తాళాల కంపెనీ మనిషో అని అనుమానం కూడా వచ్చింది. చివరికి విసుగే వచ్చింది.

"గీ తలుపుతోని మీకేం పని సార్? లోపట మీ పిల్లలు సుత లేరు గదా."

రామ్మోహనరావు గొడుగు ముడిచి పక్కన పెట్టాడు.

"లోపలున్నవాళ్ళు పాఠం వింటుంటారు బాబూ. తలుపు సంగతి బయటున్నవాడే చూడాలి," అన్నాడు. "అన్నీ వద్దు. మెట్ల వైపుది ఒక్కటి మార్చు."

విజయేందర్‌కు ఆ పూట పని సాగలేదు. అద్దంలోంచి లోపలికి చూశాడు. వంగిన తలలు. ఓ అమ్మాయి ఆవులిస్తూ పుస్తకంలో పువ్వు గీస్తోంది.

లేచి తారక్ దగ్గరికి వెళ్ళాడు. తారక్ ఒప్పుకోలేదు. అట్లయితే వేరేవాళ్ళతో చేయించుకోమని విజయేందర్ పనిముట్లు సర్దేశాడు. సగం పనిలో దిగిపోతే ఇంకెవరు పిలుస్తారన్న భయం లోపల లేకపోలేదు. చివరికి తారకే సణుగుతూ, మెట్ల వైపు తలుపు ఒక్కటి అతని ఇష్టానికి వదిలేశాడు.

మర్నాడు తాళం మార్చాక, మెయిన్ ఆపమని పెద్దాయనకే సైగ చేశాడు విజయేందర్.

చిన్న చప్పుడు. తలుపు తనంతట తానే కాస్త జరిగింది. వానగాలి లోపలికి దూరి ఎవరి బల్ల మీదో కాగితాలు లేపింది. పిల్లలు నవ్వారు.

రామ్మోహనరావు కళ్ళు మూసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఊపిరి అప్పుడే వదిలినట్టున్నాడు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ రాలేదు.

దసరా ముందు ఒకనాటి ఉదయం, లోపలి గదిలో ఏసీ అంటుకుంది. చూస్తుండగానే పొగ కమ్మేసింది. కరెంటు పోయింది. గదుల్లోంచి పరుగెత్తుకొచ్చిన పిల్లలు చేత్తో నెట్టగానే మెట్ల వైపు తలుపు తెరుచుకుంది. దగ్గుకుంటూ, ఒకరినొకరు పట్టుకుని, అందరూ రోడ్డు మీదికి వచ్చిపడ్డారు.

తారక్ ఫోన్ చేశాడు. పిల్లలంతా బయటికొచ్చిన్రని మాత్రం అన్నాడు.

విజయేందర్ ఎస్.ఆర్. నగర్ సందులన్నీ అడుగుతూ తిరిగి, ఆ ఇల్లు పట్టుకున్నాడు.

తలుపు తీసింది ఆయన భార్య దుర్గాంబ. ఆమె వెనక గోడకు రామ్మోహనరావు ఫొటో, దానికి దండ. శ్రావణం వెళ్ళకుండానే, నిద్రలోనే పోయారని చెప్పింది.

విజయేందర్ అక్కడే గడప మీద కూలబడ్డాడు. పిల్లల సంగతంతా చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. ఈ చుట్టుపక్కల ఎక్కడ కొత్త తలుపులు బిగిస్తున్నా ఆయన అలాగే వెళ్ళేవారనీ, చాలాచోట్ల ఆయన్ని తరిమేసేవారనీ చెప్పింది.

"గట్ల తలుపుల ఎంట తిరిగిన్రంటే... అగ్గిల పోయింది మీ కొడుకా, బిడ్డా అమ్మా?" అని అడిగాడు విజయేందర్.

"మాకు పిల్లల్లేరు బాబూ," అందామె.

వెనక్కి తిరిగి ఫొటోకున్న దండ సర్దింది.

"పంజాగుట్టలో ట్యూషన్లు చెప్పేవారు. ఆ గది తగలబడిన రోజు, పిల్లలు మధ్యలో జారుకుంటున్నారని బయటి నుంచి గొళ్ళెం పెట్టి వెళ్ళింది ఈయనే."