ఏ షిఫ్టు కాకా?

“ఆ వాచీ తీసి జేబుల పెట్టుకో బిడ్డా. గదే నిన్ను ఉరకనిస్తలేదు.”

పక్కనే పరుగెత్తుతున్న మనిషి అలా అనేసరికి మమతకు ఒళ్ళు మండింది.

గోదావరిఖని స్టేడియంలో అడుగు పెట్టినప్పటి నుంచి ఆమె మనసు మనసులో లేదు. పెద్దపల్లిలో జిల్లా జట్టుకు పది కిలోమీటర్ల పరుగు ఎంపిక పది రోజుల్లో ఉంది. పోయినసారి సగంలోనే కడుపు పట్టుకుని కూలబడింది. ఈసారీ అట్లాగే అయితే పరుగు బంద్, కుట్టుమిషన్ నేర్చుకోవాలని తల్లి కనకవ్వ తేల్చి చెప్పేసింది.

“నువ్వెవరు కాకా నాకు చెప్పెటందుకు?”

“సదానందం అంటరు. నీ కాళ్ళు ఈడున్నయి, పానమేమో పెద్దపల్లిల ఉన్నది. గట్ల ఉరికితె ఆయాసం రాదా మరి?”

మాట నిజమే. అందుకే ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

ఆయన మాత్రం వదల్లేదు.

“ఊపిరి లోపలికి పోయెటప్పుడు ముక్కు కొసకు సల్లగ తాకుతది. దాన్నే సూడు. మనసు అటిటు ఉరికితె తిట్టకు. మేకపిల్లను పట్టుకొచ్చినట్టు తెచ్చి, మళ్ళ ముక్కు కాడ కట్టెయ్.”

“బాబా లెక్క చెప్పవడితివి!”

“బాబాలు ఉరుకుతరా?” అని నవ్వి ముందుకు సాగాడు సదానందం.

గనిని బాయి అనే ఈ బొగ్గు ఊళ్ళో మనిషిని పేరేమిటని అడగరు, ఏ షిఫ్టని అడుగుతారు. పొద్దున గ్రౌండులో కనిపిస్తే సెకండ్ షిఫ్టు, సాయంత్రం కనిపిస్తే ఫస్ట్ షిఫ్టు. సదానందం పొద్దునా ఉంటాడు, మధ్యాహ్నమూ ఉంటాడు, సాయంత్రమూ ఉంటాడు. ఫోన్ మోగితే మాత్రం మాట మధ్యలో వదిలేసి గేటు వైపు పరుగు తీస్తాడు. పై ఆఫీసరుకు దొరికిపోయాడేమో అనుకునేది మమత.

డ్యూటీ ఎగ్గొట్టడాన్ని ఇక్కడ నాగా పెట్టడమంటారు. ఆమె తండ్రి నర్సింగం నాగాలు పెట్టీ పెట్టీ నౌకరి పోగొట్టుకున్నాడు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు నాగాల మనిషిని పోల్చుకోవడం ఎవరైనా నేర్పాలా?

ఎంపికకు ముందురోజు పొద్దున్నే మళ్ళీ ముక్కూ ఊపిరీ అంటూ సదానందం వచ్చేసరికి, మమత తోటి అమ్మాయిల ముందే నిలదీసింది.

“ఏ షిఫ్టు కాకా నీది?”

“నాకు షిఫ్టేడిది బిడ్డా, నేను...”

“తెలుసు తియ్! మా నాయిన గూడ గిట్లనే తిరిగిండు. నౌకరి సక్కగ చేసుకోరాదు? మందికి సుద్దులు చెప్పుడెందుకు?”

అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. సదానందం మొహం చిన్నబోయింది.

“సరే బిడ్డా. ముక్కు కొస మాత్రం మర్శిపోకు.”

అంతలో ఫోన్ మోగింది. మామూలుగానే పరుగెత్తాడు. మమత ఆ మధ్యాహ్నమే బస్సెక్కి పెద్దపల్లిలో మేనత్త ఇంటికి పోయింది.

మర్నాడు పరుగు సగం దాటేసరికి పాత గుబులే పట్టుకుంది. వెనక ఎవరొస్తున్నారు? ఇంకెంత దూరం? అమ్మ ఏమంటుంది? కడుపులో పోటు మొదలైంది. వాచీ చూసుకుంటే భయం రెట్టింపయింది.

కసిగా వాచీ విప్పి జేబులో పడేసింది.

ముక్కు కొస. చల్లగా.

మనసు గమ్యం దగ్గరికి పారిపోయింది. పట్టుకొచ్చింది. మళ్ళీ పోయింది. మళ్ళీ పట్టుకొచ్చింది. పాదాల కింద మట్టి చప్పుడు వినబడసాగింది. పోటు తగ్గలేదు గానీ కడుపులోనే ఉండిపోయింది, బుర్రకెక్కలేదు.

జట్టులో మమత పేరు చదివారు.

సాయంత్రం బస్సు దిగి, మిఠాయి పొట్లంతో నేరుగా గోదావరిఖని స్టేడియానికే వచ్చింది. క్షమించమని ఎట్లా మొదలుపెట్టాలో దారి పొడవునా అనుకుంటూనే ఉంది. గ్రౌండంతా ఖాళీ. వాచ్‌మన్ కొమురెల్లి ఒక్కడే గేటు దగ్గర కూర్చున్నాడు.

“తాతా, సదానందం కాక రాలేదా?”

“ఇగ రాడు బిడ్డా.”



“నాగాలు పెట్టిండని నౌకరిల కెల్లి తీసేసిండ్రా?”

కొమురెల్లి ఆమెను ఎగాదిగా చూశాడు.

“నాగాలా? నిన్న పొద్దున ఒక బాయిల పొగ కమ్మింది. ఫోనొస్తె ఈన్నుంచే ఉరికిండు. లోపల చిక్కినోళ్ళను ఒక్కొక్కల్ని మీదికి పంపిండు, ఆఖరికి తనే చిక్కి పానం ఇడిసిండు.”

“ఆయనెందుకు దిగిండు తాతా? ఆయనది ఏ షిఫ్టు?”

“రెస్క్యూ మనిషికి షిఫ్టేడిది బిడ్డా, అందరు బయటికి ఉరికెటప్పుడు లోపటికి ఉరుకుడే ఆయన డ్యూటీ.”