నీడకు ముడుచుకునేవి

సిరిసిల్లలో కరెంటు పోగానే వాడంతా మరమగ్గాల చప్పుడు ఆగిపోయింది. కొత్త కాపురం పెట్టిన ఇంట్లో ఊర్మిల ఒక్కతే ఉంది. పెళ్లికానుకగా భర్త మహిపాల్ ఇచ్చిన ఉప్పునీళ్ల అక్వేరియంలో, గొట్టాల్లోంచి ఈకల కుచ్చుల్లా విచ్చుకునే సముద్రపు పురుగులున్నాయి.

కరెంటు పోయిందని తెలిసి కోరుట్ల నుంచి మహిపాల్ ఫోన్ చేశాడు. “గాలి మోటరు బందైంది గద, గాలి ఆడేటట్టు గ్లాసుతోని అండ్లయే నీళ్లు ఎత్తి పోస్తనే ఉండు. నేను అచ్చేదాక ఆపకు, ఆపితే సస్తయి.”

“అందరు పెండ్లానికి బంగారం పెడ్తరు, నువ్వు పురుగులు పెట్టినవ్!” ఊర్మిల నవ్వింది. “అయినా ఒక్కదాన్ని గూడ సావనియ్య.”

టార్చిని తన వెనక బల్లమీద అక్వేరియం వైపు తిప్పి పెట్టి, తన నీడ పడకుండా కుడిపక్కన నిలబడి నీళ్లు పోస్తోంది. ఉన్నట్టుండి ఎడమ చివరి కుచ్చు గొట్టంలోకి ముడుచుకుంది. తర్వాత దాని పక్కది. ఆ తర్వాత మధ్యలోవి. మగ్గాల అదురుకు అలవాటుపడ్డ ఆ పురుగులు నీడ పడితేనే బెదురుతాయి. టార్చికి అడ్డంగా ఏమీ లేదు. తలుపు గడియ వేసే ఉంది.

ఊర్మిల నీళ్లు పోయడం ఆపలేదు. “ఎవరో గని, జర పక్కకు జరుగున్రి. నా పురుగులు బెదురుతున్నయి.”

కాసేపటికి ఎడమవైపు కుచ్చులు విచ్చుకున్నాయి. తర్వాత మధ్యలోవి.

అప్పుడు కుడి చివర, ఊర్మిల పక్కనే ఉన్నది ముడుచుకుంది.

ఆమె నీళ్లు పోస్తూనే ఉంది.